నర్సవ్వకు చదవని పేజీ

నల్గొండలో నేను కిరాయికి ఉంటున్న గది వెనక చేదబావి ఉంది. ఇంటావిడ పొద్దున్నే నీళ్లు చేదుతుంటే తడిసిన చేంతాడు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. పీచు, నాచు, చల్లని రాయి కలిసిన వాసన. ఆఫీసుకు వేళవుతున్నా ఒక్కోసారి దువ్వెన చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోతాను. నర్సవ్వ గుర్తొస్తుంది.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు పద్నాలుగేళ్లు. మా ఊళ్లో బావులు చాలానే ఉన్నా, నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పన. తాగే నీళ్లు ఒక్క నర్సవ్వ పెరటి బావిలోనే ఉండేవి. ఆమె మా పక్కింటి ముసలమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. తెల్లవారగానే పెరటి తలుపు తీసేది, తీస్తూనే తిట్టడం మొదలుపెట్టేది. "రాండ్రి, రాండ్రి. నీళ్లున్నన్ని దినాలు అవ్వా అవ్వా అంటరు. బాయి ఎండితే నా మొకం సూసేటోడు ఒక్కడుంటడా?" ఆడవాళ్లు నవ్వేవారు. "నువ్వు తిట్టకుంటే గీ నీళ్లు తియ్యగుండయ్ అవ్వా" అనేవారు. మనుషుల మీద ఆమెకు నమ్మకం లేదు. పొగిడేవాడికి మనతో పని ఉంటుందనీ, ఏడ్చేవాడికి ఇంకా పెద్ద పని ఉంటుందనీ అనేది. అయినా ఏ కులంవాళ్లు వచ్చినా చేంతాడు వాళ్ల చేతికే ఇచ్చేది. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఎందుకిస్తావని ఎవరైనా నిలదీస్తే, "నేను చేది పొయ్యాల్నంటే నడుము నొస్తది" అని కసిరేది.

నేను నలుగురిలో నోరు విప్పే పిల్లను కాను. నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు కుట్టుకుని రోజూ ఏదో రాసుకునేదాన్ని. మా ఇంట్లో ఎవరికీ తెలియని ఆ సంగతి కనిపెట్టింది నర్సవ్వే. ఆమెకు చదువు రాదు. మధ్యాహ్నాలు బావిగట్టు మీద నన్ను కూర్చోబెట్టి చదివించుకునేది.

"నా గురించి రాసినవా?" అంది ఒకరోజు.

"రాసిన."

"ఏమని?"

"తిడతది గని నీళ్లిస్తదని."

ఆమె పకపకా నవ్వింది. "ఉన్నదున్నట్టు రాసినవు. గీ ఊర్ల నేను నమ్మేది నీ ఒక్కదాన్నే సుగుణా."

అంతవరకు ఎవరూ నన్ను దేనికీ మెచ్చుకోలేదు. ఆ మాటను కూడా ఆ రాత్రే రాసుకున్నాను.

మరుసటి ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటాయి. ఇంటికి రెండు బిందెలే అని నర్సవ్వ కట్టడి పెట్టింది. ఆ నెలలోనే కొమురమ్మ అనే ఆమె కుటుంబం ఎక్కడినుంచో వచ్చి ఊరి చివరి చేలలో గొర్రెల మందతో దిగింది. చేనుకు ఎరువవుతుందని రైతులు మందను నిలుపుకోవడం మావైపు మామూలే. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. ఊరివాళ్లు గొణిగినా, నర్సవ్వ ఆమెకూ రెండు బిందెలిచ్చింది.

వారానికోసారి జరిగే అంగడి రోజున నర్సవ్వ ఉప్పూ చింతపండూ తెచ్చుకోవడానికి పోయింది. ఇల్లు చూడమని నాకు చెప్పింది. మా నాయిన అప్పుడే బత్తాయి మొక్కలు పెట్టాడు. అవి ఆకులు ముడుచుకుపోతున్నాయి. "పా బిడ్డా, నాలుగు బిందెలే. అవ్వ ఏమనదు" అన్నాడు. నాలుగన్నవి ఇరవై దాటాయి. ఆయన చేదాడు, నేను మోశాను. నాయిన చెడ్డవాడు కాడు. ఆ మొక్కలు కాపుకొస్తే నన్ను నల్గొండలో చదివించాలని ఆయన ఆశ.

మర్నాడు పొద్దున బొక్కెనలో బురద వచ్చింది. ఊరంతా పెరట్లో చేరింది. నిన్న కొమురమ్మ ఇటే తిరిగిందని ఎవరో అన్నారు.

"గొర్లకు పోసుకున్నదేమో" అన్నాడు నాయిన, అందరికంటే గట్టిగా.

"నా పిల్లల మీద ఒట్టు, నేను ముట్టలే" అంది కొమురమ్మ. చిన్నవాడు ఆమె చీర పట్టుకుని నిలబడ్డాడు.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "సుగుణా, నిన్న ఈడ నువ్వే ఉంటివి. ఎవరన్న అచ్చిర్రా?"

అందరూ నన్నే చూశారు. నాయిన నేలకేసి చూశాడు.

"నేను సూడలే అవ్వా" అన్నాను.

ఇక కొమురమ్మకు నీళ్లు లేవని పెద్దలు తేల్చారు. "బాయి నాది, తీర్పు మీదా?" అని నర్సవ్వ అరిచింది. ఎవరూ వినలేదు. ఆ పూట తన వంతు నీళ్లు తేర్చుకుని, బిందె నెత్తిన పెట్టుకుని, ముసలి నడకతో ఊరి చివరికి తానే మోసుకుపోయింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. మూడు రోజుల తర్వాత కొమురమ్మ వాళ్లు ఎండలోనే మందను తోలుకుని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నర్సవ్వ నన్ను పిలిచింది. "అంగడి దినంది సదువు" అంది. ఆ పేజీలో జరిగిందంతా రాశాను, బిందెల సంఖ్యతో సహా. నేను చేయాల్సిందల్లా ఉన్నది చదవడం. కాగితం మీద చూపు నిలిపి, ఎండ గురించీ కాకుల గురించీ అప్పటికప్పుడు కల్పించి చదివాను.

"అంతేనా?"

"అంతే అవ్వా."

పైనుంచి కిందిదాకా నిండిన ఆ పేజీని ఆమె ఒకసారి చూసింది. తర్వాత నా తల నిమిరింది. "మంచిగ రాస్తవు బిడ్డా" అంది. కోపం లేదు. ఆమెకు అలవాటైన సంగతే మళ్లీ జరిగినట్టుంది ఆ గొంతు. తిట్టి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో. ఆ తర్వాత ఆమె నన్ను చదవమని అడగలేదు. మాకు నీళ్లు మాత్రం ఆపలేదు. రెండేళ్లకు పోయింది. చెప్పాలని రోజూ అనుకుంటూనే ఆ రెండేళ్లూ గడిపాను.

బత్తాయిలు కాశాయి. వాటి మీదే నేను చదివాను, ఉద్యోగమూ తెచ్చుకున్నాను. ఆఫీసులో ఎవరైనా మనుషులంతా ఇంతేనమ్మా అంటే నేను వాదించలేను. ఆ మాటకు నేనే సాక్ష్యం. ఒప్పుకోవడానికీ నోరు రాదు. ఒప్పుకుంటే, మనుషుల మీద ఏ ఆశా లేకుండానే కొమురమ్మ గుడిసెకు బిందె మోసిన ఆ మనిషే లేదన్నట్టవుతుంది. ఆమె లోకమంతటినీ తిట్టి, ఒక్కరిని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు కూడా తప్పేనని తేల్చింది నేను.