పళ్ళచక్రం జరిపిందెవరు?

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ దేన్నీ ఊరికే నమ్మేవాళ్ళు కాదు... సంతలో కుండ కొంటే మా అవ్వ దాన్ని అన్ని వైపులా కొట్టి చూసేది. మా నాయన ఆమెకు తగ్గ కొడుకు. నేనూ ఆ వంశమే కదా... ఇది టైపు చేస్తున్న మనవరాలు నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోందో లేదోనని పక్కనే కూర్చుని చూస్తున్నాను.

పెనుకొండ దగ్గర మా పల్లె. మా బావికి మొదట్లో కపిల ఉండేది. ఎద్దులు మోకు లాగుతూ పల్లంలోకి నడిస్తే పెద్ద తోలు బాన నీళ్ళతో పైకొచ్చేది. బాన అడుగున ఏనుగు తొండంలా ఒక తోలు గొట్టం. బాన గట్టు దాకా వచ్చాకే తొండం కాలవలోకి తెరుచుకోవాలి. దాని తాడు కొంచెం పొడుగైతే చాలు, ముందే వాలిపోయి నీళ్ళన్నీ మళ్ళీ బావిలోకే!

ఆ కపిల తోలేది ఓబన్న. నేను పుట్టకముందు నుంచీ మా దగ్గరే ఉన్నాడు. నన్ను మోకు మీద కూర్చోబెట్టుకుని పాటలు పాడేవాడు.

యుద్ధం రోజుల్లో నాయన ఎద్దుల్ని అమ్మేసి హిందూపురం నుంచి ఆయిల్ ఇంజను తెచ్చాడు. కపిల మూలపడింది... ఓబన్నకు మళ్ళకు నీళ్ళు కట్టే పని మాత్రం మిగిలింది. తెచ్చిన రోజు నుంచే నాయనకు ఇంజను మీద అనుమానం. అసలే నూనె దొరకడం గగనం, ఇదేమో గటగటా తాగుతుంది. అమ్మినవాడు ఏదో మోసం చేశాడని రోజూ దాని చుట్టూ తిరిగేవాడు.

సరిగ్గా వరి పొట్టకొచ్చిన సమయానికి ఇంజను మొరాయించింది. చక్రం తిప్పితే రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి ఆగిపోయేది. మడి నెర్రెలు విచ్చుతోంది... ఎద్దులా, లేవు. ఇంట్లో అన్నం కూడా ఎవరికీ సయించలేదు.

"కపిల పాయనని కడుపుమంట వానికి. ఓబన్నే ఏందో చేసినాడు" అన్నాడు నాయన.

అంతటితో ఊరుకున్నాడా? మనుషుల్ని తీసుకెళ్ళి ఓబన్న గుడిసెలో ఇంజను మరలు విప్పే పానా కోసం వెతికించాడు. ఊరంతా చూస్తుండగా కుండలు తిరగేశారు. ఓబన్న పెళ్ళాం దాచుకున్న రాగులన్నీ నేలపాలు. పానా దొరకలేదు. "యాడనో పారేసింటాడు" అన్నాడు నాయన. అనుమానం పట్టిన మనిషికి వస్తువు దొరక్కపోవడం కూడా సాక్ష్యమే మరి!

"దాన్ని తాకేదానికే నాకు భయమప్పా" అన్నాడు ఓబన్న. నాయన అతన్ని చేను దిక్కు రావద్దన్నాడు.

హిందూపురం నుంచి ఫిట్టరు బాషా వచ్చి ఇంజను పక్క మూత విప్పాడు. అవ్వ ఆకు వక్క నములుతూ ఆయన చేతులనే చూస్తోంది, ఏదైనా కొట్టేస్తాడేమోనని.

"గాలి పీల్చేదానికి ఒక వాల్వు, పొగ వదిలేదానికి ఒకటి" అన్నాడు బాషా. "యాది ఎప్పుడు తెరుచుకోవల్లనో ఈ పళ్ళచక్రాలు చూసుకుంటాయి. చిన్నది రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. రెండిటి మీదా చుక్కలుండాయి సూడు, అవి ఎదురెదురుగా నిలబడల్ల. ఎవురో ఒక పన్ను జరిపి మూత బిగించినారు."

"సూసినావా, ఓబన్న!" అని నాయన ఎగిరాడు. అంతటితో నోరు మూసుకున్నా సరిపోయేది... ఉండబట్టలేకపోయాడు.

"అయినా ఒక్క పన్నుకే ఇంత నష్టమా అప్పా? పిస్టన్ కొనదాకా పోకముందే పొగ వాల్వు తెరుచుకుంటా ఉండె. బలమంతా ముందే కారిపోతాండాది గదా! కొంచెం నిదానంగా తెరుచుకునేట్ల పెడితే నూనె మిగలల్ల గదా?"

అవ్వ నమలడం ఆపింది.

"ఎవురో జరిపినారంటే... ఎందుకు జరిపినారో నీకెట్ల తెలిసెరా?"

జరిపింది నాయనే. కపిల తొండం లెక్కే ఇంజనుకూ వేశాడు మహానుభావుడు!

బాషా తల గోక్కున్నాడు. "పొగ నీళ్ళు కాదప్పా. పిస్టన్ కొనకు చేరేలోపలే వాకిలి తీస్తేనే అది పూరా బయటికి పోతాది. లేకుంటే లోపలే నిలిచి, కొత్త గాలికి చోటుండదు."

చుక్కలు కలిపి మూత బిగించగానే ఇంజను టకటకా అందుకుంది. నీళ్ళు కాలవలోకి దూకాయి. ఎవరికీ సంతోషం లేదు. "నువ్వే పోయి చెప్పిరా పో" అంది అవ్వ. నేను నాయన వెనకే పరిగెత్తాను.

ఓబన్న, పెళ్ళాం మూటలు కట్టుకుంటున్నారు. ధర్మవరంలో మగ్గాల దగ్గర ఆమె అన్న ఉన్నాడు.

"నేనే జరిపినా ఓబన్నా. నూనె మిగులుతాదని... చెప్పేదానికి నోరు రాలేదు. ఊర్లో అందరికీ చెప్తా, పోవద్దు" అన్నాడు నాయన.

"చెప్పప్పా, మంచిదే" అన్నాడు ఓబన్న, మూట నెత్తికెత్తుకుంటూ. "నా కుండలు తిరగేసినప్పుడు ఊరంతా వచ్చి సూసె. నువ్వు చెప్పేది వినేదానికి ఎంతమంది వస్తారో సూడు."

నాయన చెప్పాడు. నిజంగానే, వినడానికి నలుగురు కూడా నిలబడలేదు... ఓబన్న మళ్ళీ మా ఊరి మొహం చూడలేదు. మడి బతికింది గానీ, ఆ కొత్త బియ్యం వండిన రోజు అవ్వ కంచం ముట్టలేదు.

ఇప్పుడు మనవడు ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. ఎవరు ఏం ముట్టుకున్నారో తెలియాలని చేను చుట్టూ కెమెరాలు కూడా పెట్టించాడు. ఆ రోజుల్లో అవి ఉండుంటే... అందులో కనబడేది మా నాయనే.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లా ఉత్తపుణ్యానికి అనుమానం మోసి వెళ్ళిపోయిన మనిషి ఉంటే ఇక్కడ రాయండి. ఇన్నేళ్ళకైనా సరే... పేరైనా చెప్పుకుందాం.