ఎదురు రాని దారి

సందడి లేని దారిలో సైకిలు తొక్కాలని ఉన్నవాళ్ళకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అలాంటి దారి ఎక్కడుందో వెతుక్కోవడం. రెండోది, మొగుడు పోయిన ఆడదై ఉండడం. రెండోదానిలో వెతుక్కునే శ్రమ ఉండదు. మనం ఏ దారిన వెళ్తే ఆ దారే ఖాళీ అవుతుంది.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ ఊరు. మా ఆయన పోయాక నాకు మిగిలినవి ఎండుచేపల బేరం, ఆయన తొక్కిన సైకిలు. మొదట్లో గంప నెత్తిన పెట్టుకుని పూండి రైలుస్టేషను దాకా నడిచేదాన్ని. నేను చేరేసరికి స్టేషను దగ్గర వేపచెట్టు నీడంతా ముందు వచ్చినవాళ్ళు పట్టేసేవారు. ఎండలో కూర్చున్న గంప దగ్గర కొనేవాళ్ళు నిలబడరు. నాకు ఆ నీడ కావాలి. అందుకని సైకిలు నేర్చుకున్నాను.

తొంభైల చివర్లో మా ఊళ్ళో ఆడవాళ్ళకు సాయంత్రం చదువు పెట్టారు. పలక మీద అక్షరాలు, ఒడ్డున గట్టి ఇసకలో సైకిలు ఒకే ఏడు మొదలుపెట్టాను. అప్పటికి నలభై దాటినదాన్ని. సైకిలే ముందు వచ్చింది. తప్పు చేస్తే అది వెంటనే కింద పడేసి చెబుతుంది, అక్షరాలకు ఆ గుణం లేదు. మేం గోచీ పోసి చీర కట్టేవాళ్ళం కాబట్టి మగవాళ్ళ సైకిలు మధ్య కడ్డీ నాకు అడ్డం కాలేదు. వెనక గంప కట్టి తారురోడ్డెక్కితే పొద్దు పొడిచేసరికి వేపచెట్టు కింద ఉండేదాన్ని. పదింటికల్లా గంప ఖాళీ చేసుకుని తిరిగొచ్చేసేదాన్ని.

అడ్డం వచ్చింది వేరే. మంచిపని మీద బయల్దేరినప్పుడు మొగుడు లేనిది ఎదురైతే పని చెడుతుందని మా వైపు నమ్మకం. ఎదురైతే ఇంటికి పోయి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. నేను నడిచినన్నాళ్ళూ జనానికి వ్యవధి ఉండేది. దూరాన నన్ను చూసి ఏ ఇంట్లోకో తప్పుకునేవారు. సైకిలు ఆ వ్యవధి లేకుండా చేసింది. మలుపు తిరిగేసరికి నేను ఎదురుగా ఉండేదాన్ని. ఊళ్ళో మంచినీళ్ళ వాడకం పెరిగింది.

ఊరి మొదట్లో పడవలున్న ఆసామి ఇల్లు. నాకు వరసకు మావ. ఒకరోజు అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఏటే పిల్లా, నీ సైకిలు జోరుకి జనం బతకాలా వొద్దా? ఎటు సూసినా ఎదురొచ్చేత్తన్నావు."

"గంపలో సేపలున్నాయి గదా మావా. సేప ఎదురైతే మంచిదని నువ్వే అంతావు."

మావ ఆలోచనలో పడ్డాడు. నిజమే, చేప ఎదురైతే శుభం. మొగుడు లేనిది ఎదురైతే అశుభం. రెండూ ఒకే సైకిలు మీద వస్తే ఏం చేయాలో పెద్దలెవరూ చెప్పి పోలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన తేల్చాడు.

"పచ్చి సేపకైతే ఆ గుణం ఉంది గానీ బావా, ఎండు సేపకెక్కడిది? అది ఎప్పుడో సచ్చిపోనాది."

"పచ్చిది గంపలో బతికుంతాదేటి తాతా?" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. తీర్పు మాత్రం మారలేదు.

"నిన్ను ఎల్లొద్దంతన్నానేటి? బేరం సేసుకో. జీడితోటల ఎనకనుంచి దారుంది గదా, అలగెల్లి అలగ రా. ఎవలికీ ఎదురుండదు" అన్నాడు మావ.

అలా ఉద్దానంలోకెల్లా ప్రశాంతమైన దారి నాకు దక్కింది. మొగలి పొదల దగ్గర మొదలై, కొబ్బరితోటల్లోంచి పోయి, జీడితోటల వెనకగా చుట్టు తిరిగి పూండి దగ్గర తేలుతుంది. మాఘమాసంలో జీడిపూత వాసన గొంతులోకి దిగుతుంది. సముద్రం వినబడుతుంది, కనబడదు. తొక్కడానికి ఇంత అందమైన దారి మరొకటి లేదు, తొక్కగలిగితే. సగం దారి మెత్తటి ఇసక. చక్రం దిగబడినప్పుడల్లా దిగి తోయాలి. అక్కడ సైకిలే నా మీద ప్రయాణం చేసేది. పూండి చేరేసరికి బారువ వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్ళు వేపచెట్టు కింద గంపలు దించుకుని, సగం బేరం కూడా చేసుకుని ఉండేవారు. నేను మళ్ళీ ఎండలోకే వచ్చాను. సగం చేపలు మళ్ళీ నాతోనే ఇంటికి వచ్చేవి.

కొన్నాళ్ళకు ఆ దారిలో మనుషులు తగలడం మొదలైంది. తిరిగి వస్తుంటే ఒకరోజు కొత్తబట్టలు కట్టుకున్న మొగుడూ పెళ్ళాలు. ఇంకోరోజు పలాస ఆసుపత్రికి బయల్దేరిన ముసలమ్మ. అందరూ నన్ను చూసి ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. తారురోడ్డు ఉండగా వీళ్ళకు ఈ ఇసకెందుకో నాకు అర్థం కాలేదు. ఎదురైన సంగతి ఎవరూ బయట చెప్పుకోరు కాబట్టి ఒకరి మాట ఇంకొకరికి తెలియలేదు.

అది విప్పి చెప్పింది మావే. పడవకు కొత్త మోటారు కొనడానికి స్కూటరు మీద టెక్కలి బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. మొగలి పొదల మలుపులో నా సైకిలు, ఆయన స్కూటరు ముక్కుకు ముక్కు ఆగాయి.

"ఓలమ్మో! నువ్విక్కడేటే?"

"ఈ దారినెల్లమన్నది నువ్వే గదా మావా. నువ్వేటి ఇక్కడ?"

"తారురోడ్డు మీద నువ్వెక్కడ ఎదురొచ్చేత్తావోనని గదే ఇలగొచ్చినాను!"

"తారురోడ్డు మీదికి నన్ను రావొద్దన్నావు గదా?"

"అన్నాను. ఆడదానికి సైకిలొచ్చినాక మాటింతాదని ఎవలు నమ్ముతారే? ఊళ్ళో అందరూ శుభమా అని బయల్దేరితే ఇలగే వొత్తన్నారు."

మంచినీళ్ళకు ఇంటికి మళ్ళాలి. స్కూటరు తిప్పబోతే చక్రం సగానికి దిగబడింది.

"ముందుకొచ్చి లాగనా మావా?"

"వొద్దొద్దు! ఎనకాల్నుంచి తొయ్యి. ఎనకాలుంటే ఎదురు కాదు."

తోశాను. గట్టినేల వచ్చేదాకా తోశాను. చొక్కా ఇస్త్రీ నలిగింది గానీ శకునం నలగలేదు. ఇంటికి పోయి నీళ్ళు తాగి, తారురోడ్డు మీదుగా టెక్కలి వెళ్ళి సాయంత్రానికి మోటారు తెచ్చాడు. మంచి మోటారు. ఆ పేరు మంచినీళ్ళకు వెళ్ళింది.

అందరూ ఇసకలో ఉంటే తారురోడ్డు మీద ఎవరున్నట్టు? మర్నాడు చీకటితోనే తారురోడ్డెక్కాను. మావ అరుగు మీద పందుంపుల్ల నములుతున్నాడు.

"మళ్ళీ ఇలగొచ్చీసినావేటే?"

బ్రేకు వేశాను. "అందరూ ఆ దారినే ఎల్తన్నారన్నావు గదా మావా. మీకు ఎదురెందుకని ఇలగొచ్చీసినాను."

మావ పుల్లను ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చాడు. "సరే, బెల్లు కొట్టుకుంటా ఎల్లు. ఇన్నోలు లోపలికి పోతారు."

అప్పటినుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళేదాన్ని. ఒక్కొక్క తలుపూ మూసుకునేది. కలెక్టరు జీపు వచ్చినా మా ఊళ్ళో దారి అంత చక్కగా ఖాళీ కాలేదు. పొద్దు పొడిచేసరికి వేపచెట్టు నీడ నాది.

ఒక పొద్దున మావ ఇంటి ముందు బెల్లు కొట్టాను. దగ్గరకు వేసిన తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఎండు నెత్తళ్ళున్నాయేటే?"

"ఉన్నాయి మావా. బయటికొచ్చి సూసుకో."

తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చెయ్యి మాత్రం, పళ్ళెం పట్టుకుని, బయటికి వచ్చింది.