మామ జేబులోని రెండు రాళ్లు

మా పలకల మామ పోయాడని కబురు వస్తే నేను నమ్మలేదు. మా వీధిలో ఇలాంటి ఉత్తుత్తి కబుర్లు పుట్టించేది నేనే కాబట్టి, ఎవడో నా విద్య నా మీదే ప్రయోగిస్తున్నాడనుకున్నాను. ఫోన్ చేసిన ఆటో అతన్ని తిట్టాను కూడా. అతను తిరిగి తిట్టలేదు. అప్పుడు నాకు భయం వేసి చెప్పుల కోసం వెతుక్కున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. గోడ అవతల ఇల్లు, అంతే. మా మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద ఆయనకు పలకరాయి కోసే షెడ్డు ఉండేది. ఎవరింటికి వెళ్లినా చేతికిచ్చిన మంచినీళ్లలో కొన్ని ముందు నేల బండల మీద పోసి, వంగి రాయి రంగు చూసేవాడు. తర్వాతే తాగేవాడు. గిద్దలూరులో ఒక పెళ్లికి వెళ్తే నీళ్లు అందలేదని మజ్జిగ పోశాడు. పెళ్లివారు గుడ్డ తెచ్చి తుడుస్తుంటే, “తుడవద్దమ్మా, ఇంకొంచెం చూడనీండి” అన్నాడు. నాతో మాత్రం, “ఎండిన రాళ్లన్నీ ఒకే మొహంతో ఉంటాయి అల్లుడూ, తడిపితేనే ఎవరిదేందో బయటపడతాది” అనేవాడు. ఆ మాట రాళ్ల గురించో నా గురించో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. కర్మ చేయించే అయ్యవారు ఒక రాయి కావాలన్నారు. పోయిన మనిషిని అందులోకి పిలిచి, పదో రోజు దాకా దాని మీద నీళ్లు వదులుతారు. దారిలో దొరికిన రాయి ఏదైనా సరిపోతుంది. అత్త ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లి, కిటికీలో ఏళ్ల తరబడి ఉన్న రెండు రాతి పెచ్చులు తెచ్చి నా ముందు పెట్టింది.

“ఒకటి మన క్వారీది, ఒకటి ఆ టర్కీది. ఏది మనదో చెప్పు అల్లుడూ. ఆ దేశంలో ఆయనతో ఉన్నది నువ్వే గదా. ముక్కూమొహం తెలియని రాయిలోకి పిలిస్తే ఆయన వస్తాడా?”

నేను రెండూ అటూ ఇటూ తిప్పి చూశాను. రెండూ బూడిద రంగే.

“తెలియదత్తా.”

“ఈ పొద్దు గూడా ఆటేనా?” అంది. నిజం చెప్తే నన్నెవరూ నమ్మరన్న సంగతి నాకు ఆ పూట తెలిసింది.

కొన్నేళ్ల కిందట టర్కీలోని ఇజ్మీరులో రాళ్ల సంత జరుగుతోందని చెన్నై వ్యాపారి ఒకాయన మా వైపు వాళ్లను తీసుకెళ్లాడు. మామ నన్ను వెంటబెట్టుకున్నాడు. “వానికి ఇంగ్లీషు యాడొస్తాది?” అని అత్త అడిగితే, “భాష లేకపోయినా నోరుంది గదా” అన్నాడట.

ఆ ఊరు నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఒక వీధిలో అద్దాల మేడలు, సముద్రం ఒడ్డున పచ్చిక మధ్య చప్పుడు లేకుండా పోయే ట్రాము. పక్క సందు తిరిగితే ఎప్పటివో రాతి స్తంభాలు, భూమిలోకి దిగిన కమాన్లు. ఆ కమాన్ల కింద కాలవలో నీళ్లు ఇంకా పారుతున్నాయి. మామ అక్కడ గొంతుక్కూచుని, దోసిలితో తీసి గోడ మీద చల్లాడు. కాపలావాడు ఈల వేశాడు.

“ఎప్పుడో కట్టినోళ్లు పోయినారు, నీళ్లు మాత్రం పోలా. ఇది పాత ఊరా, కొత్త ఊరా అల్లుడూ?”

“నన్నడిగితే ఏం చెప్తా మామా? నాకు మన హోటలు ఎటుందో గూడా తెలీదు.”

ఆ సాయంత్రం ట్రాము స్టాపు దగ్గర కొత్తగా పరుస్తున్న రాళ్లు చూసి మామ ఆగిపోయాడు. సీసా మూత తీసి నీళ్లు పోశాడు. వంగాడు. లేవలేదు. ఆయనకు కళ్లు తిరిగాయనుకుని జనం మూగారు. ఒకావిడ బెంచీ మీద కూచోబెట్టి చేతిలో ఉన్న పత్రికతో విసిరింది. ఇంకొకాయన పరుగెత్తి చల్లటి నీళ్లు తెచ్చాడు. మామ దండం పెట్టి అవి కూడా రాయి మీదే పోశాడు.

“మన రాయేరా! చూడు, ఆ పచ్చదనం చూడు!”

నేను చూశాను. నాకు పచ్చగానూ కనిపించింది, నల్లగానూ కనిపించింది. “స్టోన్, ఇండియా, మార్కాపురం” అని మామ అందరికీ చెప్తుంటే, వాళ్లు పాపం ముసలాయనకు మతి తప్పిందన్నట్టు తలలూపారు. రాళ్లు పరుస్తున్న మేస్త్రీ మాత్రం నవ్వి, విరిగిన పెచ్చు ఒకటి చేతిలో పెట్టాడు. మామ దాన్ని, సంతలో చూపించడానికి తెచ్చుకున్న మన పెచ్చుతో పాటు ఒకే జేబులో వేసుకున్నాడు. ఊరికి వచ్చాక ఏది ఎక్కడిదో వాటి మీద రాసి పెట్టుకోమన్నాను. “రాయికి పేరు రాస్తారంటరా? నేనున్నా గదా” అన్నాడు.

ఆ ‘నేనున్నా’ ఇప్పుడు అరుగు మీద పడుకుని ఉంది.

అత్త చెంబుతో నీళ్లు తెచ్చింది. రెండు పెచ్చులూ తడిపాము. రెండూ పచ్చగా తేలాయి. ఒకదానిలో సన్నటి పసుపు చార ఉంది, రెండోదానిలో లేదు. చార ఉన్నదే మనదని షెడ్డులో పనిచేసే పెద్దాయన అన్నాడు. మన క్వారీలో చార లేనిది కూడా పడుతుంది గదా అని ఇంకొకాయన అన్నాడు. శవం పక్కన వాదన పెరిగింది. మామ బతికుంటే సంబరపడేవాడు.

చివరికి అత్తే చార ఉన్న పెచ్చు తీసి కొడుకు చేతిలో పెట్టింది. “ఇది తీసుకుపో నాయనా. ఆయన రెండిట్నీ ఒకే జేబులో తిప్పినాడు. ఏదైనా ఆయనకు కొత్త ఏముందిలే, వస్తాడు.” నా వైపు తిరిగి, “నిజంగానే తెలీదా?” అంది. తల అడ్డంగా ఊపాను. ఈసారి నమ్మింది.

మర్నాడు తోటలో బోరు దగ్గర కర్మ. కొడుకు నువ్వులు కలిపిన నీళ్లు రాయి మీద వదిలాడు. అంతే, షెడ్డు వాళ్లూ, క్వారీ వాళ్లూ, నేనూ, అందరం ఒక్కసారే ముందుకు వంగి రంగు చూశాం. అయ్యవారు మంత్రం ఆపి, ఏమైందోనని తానూ వంగారు. “ఇంకొంచెం చూడనీండి” అనే మామ గొంతు కోసం చెవి ఒగ్గాను. రాయి పచ్చగా మెరిసి, అంచుల నుంచి మెల్లగా ఆరుతూ మళ్లీ బూడిద రంగుకు తిరిగింది. కొడుకు ఇంకో దోసిలి నీళ్లు పట్టాడు. మేం ఎవరమూ నడుం ఎత్తలేదు.