వదిలేసిన రెండొందల మీటర్లు

మా అక్క మొగుడు పాతికేళ్లు లారీ తోలాడు. ఒకరోజు తాళాలు ఓనరు బల్ల మీద పెట్టేసి, ఎందుకో చెప్పకుండా మానేశాడు. తర్వాత మా స్వచ్ఛంద బృందంలో చేరాడు. చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసే కెమెరాను హెల్మెట్ మీద బిగించుకుని, ఆన్‌లైన్ మ్యాపుల కోసం బైకు మీద పల్లె రోడ్లన్నీ తిరిగేవాడు. ఎండకు మాడి బొగ్గయినా వారం తప్పేవాడు కాదు.

ఇటుకబట్టీ మలుపు దగ్గర మాత్రం ప్రతిసారీ కెమెరా ఆపేసేవాడు. మ్యాపులో అక్కడ తెగిన గీత నాకు కంట్లో నలుసైంది. ఫొటోలు సరిచూసేది నేనే మరి. పైగా నా నోరు ఊరుకోదు.

"లోకమంతా తిరుగుతావు గదా బావా, ఆ రెండొందల మీటర్లకే నీ బండికి జ్వరమొస్తుందా?" అన్నాను, అందరి ముందూ.

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ మలుపు ఫొటోలు తీసుకొచ్చాడు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. రోడ్డు, ముళ్లకంచె, తలుపు తీసున్న ఇల్లు.

"నేను తల తిప్పలేదురా," అన్నాడు.

నేను ఊరుకోక ఫొటోను వెనక్కి తిప్పాను. ఆ ఇంట్లోంచి ఒక ఆడమనిషి రోడ్డు మధ్యకొచ్చి, బావ వెళ్లిన వైపే చూస్తూ నిలబడింది. తర్వాతి ఫొటోలో ఇంకాస్త చిన్నగా కనిపించింది. దారిన పోయే అందరి ముఖాల్లాగే, ఆమె ముఖాన్నీ కంప్యూటరే మసక చేసింది.

బావ ఆ మసక ముఖం మీద వేలు పెట్టాడు.

"తాళాలు ఇచ్చేసిన ఆ రోజు లారీ అద్దంలోనూ ఇలాగే నిలబడింది. చేతుల్లో నా బండి గుద్దిన పిల్ల. అప్పుడూ ఆపలేదురా. ఇవాళా ఆపలేదు."