సబ్బు వాసన పట్టిన ఉత్తరం

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలో, పాత పట్టుచీర మడతల్లోంచి ఒక సబ్బు జారి నా కాళ్ళ దగ్గర పడింది. బంగారు రంగు కాగితం చుట్టిన విదేశీ సబ్బు. మా తమ్ముడు శంకరం ఎడారి దేశంలో వెల్డరుగా పనిచేసే రోజుల్లో, సెలవుకి వచ్చినప్పుడల్లా అరడజను పట్టుకొచ్చేవాడు. వాటిని ఒంటికి రుద్దుకునేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. చీరల మధ్య పెట్టుకుని, తలుపు తీసినప్పుడల్లా వాసన పీల్చి మురిసిపోవడమే. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ వాసన పూర్తిగా పోలేదు. వంగి సబ్బు చేతిలోకి తీసుకున్నాను. ఆ వాసనకి నాకు తమ్ముడు గుర్తుకు రాడు. దానియేలు గారు గుర్తుకొస్తారు. ఆయన ముందు తలెత్తలేక నిలబడిన ఒక మధ్యాహ్నం గుర్తుకొస్తుంది.

దానియేలు గారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు టైం ఆఫీసులో హెడ్ క్లర్కు. మా నాన్న సర్వీసులో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం మీద ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఆయన కింద చేరాను. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఖరగ్‌పూర్‌లో ఉండే మా శ్రీకాకుళం వాళ్ళ మధ్య పుట్టి పెరిగారు కాబట్టి మాట మాత్రం అచ్చం మాదే. సన్నటి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే అపశ్రుతిలో పాడేవారు. ఆ మాట ఎవరైనా అంటే, "దేవుడికి సెవులున్నాయి గాని పేచీ లేదమ్మా" అని నవ్వేసేవారు.

చేరిన మొదటి నెలలోనే ఆయన నన్ను పట్టుకున్నారు. ఆ రోజు కూలిపని చేసే ఒక ఖలాసీ, ఒక పెద్ద మిస్త్రీ ఇద్దరూ పది నిమిషాలు ఆలస్యంగా గేటు దాటారు. హాజరు పుస్తకంలో ఖలాసీ పేరు పక్కన ఎర్రగీత గీశాను. మిస్త్రీకి గీయలేదు. దానియేలు గారు పుస్తకం తిప్పి చూసి, "ఈడికి గీత ఉంది, ఆడికి లేదేటమ్మా?" అన్నారు. "ఆయన పెద్ద మిస్త్రీ కదండీ. భయమేసింది" అన్నాను. ఆయన కోప్పడలేదు. సొరుగులోంచి స్కేలంత పొడవున్న అట్టముక్క తీసి, పేర్ల వరస మీద నిలువుగా పెట్టారు. ఇప్పుడు పుస్తకంలో వచ్చిన వేళలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. "ఇప్పుడెయ్యి. పేరు సూడకు, టైము సూడు. పేరు సూసినావంటే సెయ్యి వంకరపోతాది" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఉద్యోగం మానేదాకా ఆ వరస మీద అట్ట పెట్టకుండా ఒక్క ఎర్రగీతా గీయలేదు.

అదే అట్ట మధ్యాహ్నం న్యూస్‌పేపరు మీదికి ఎక్కేది. కలకత్తా నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరుని, భోజనాల వేళ ఆయన మాకు తెలుగులో చదివి వినిపించేవారు. పక్క బల్ల మండల్‌దా బెంగాలీ. అయినా ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపిన మరమరాలు నములుతూ, సగం అర్థమై సగం కాకా తలాడించేవాడు. ఏ ప్రభుత్వమో ఏదో ఘోరం చేసిందని వార్త వస్తే దానియేలు గారు దేశం పేరు మీద అట్ట పెట్టి చదివేవారు. తప్పో ఒప్పో మేము చెప్పాకే అట్ట జరిపేవారు.

ఎనభై ఎనిమిదిలో ఒక వార్త చదివారు. ఒక పాలకుడు సొంత దేశపు ఊళ్ళ మీదే విషవాయువు వదిలాడట. తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఎక్కడివాళ్ళక్కడే పడిపోయారట. "ఫాఁసీ!" అన్నాడు మండల్‌దా. ఉరి కూడా తక్కువే అన్నాను నేను. అట్ట జరిపారు. ఇరాక్. "మరి పెద్ద దేశాలు ఏటి సేసినాయో తెలుసా? ఇచారం అన్నాయి. అప్పులూ ఆపలేదు, పెట్రోలు కొనడమూ ఆపలేదు. మన ఢిల్లీ కూడా గొంతెత్తలేదు." ఆ వెంటనే ఇంకో మూల వార్త చదివారు. నూనెచుక్క దొరకని ఏదో పేద దేశంలో సైనికులు జనం మీద కాల్పులు జరిపితే, అదే పెద్ద దేశాలు సాయం ఆపేసి ధర్మపన్నాలు వల్లించాయి. ఆ దేశం పేరు నాకు గుర్తులేదు. నాకొచ్చిన కోపం మాత్రం గుర్తుంది. వీళ్ళకి సిగ్గులేదా అని బల్ల గుద్దాను. దానియేలు గారు మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

తొంభైలో, వేసవి మొదట్లో, శంకరం దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మాతోపాటు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోనే, మా క్వార్టర్‌కి రెండు వీధుల అవతల ఉండే రామారావు శంకరంతో కలిసే ఆ ఎడారి దేశం వెళ్ళాడు. ఇద్దరిదీ ఒకే క్యాంపు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక కూలీ ఇనుప చట్రం మీద నుంచి సొమ్మసిల్లి పడి చనిపోతే, ఇంక పైకి ఎక్కం అని ఐదుగురు కూర్చున్నారట. రామారావు వాళ్ళలో ఒకడు. పోలీసులు వచ్చి ఐదుగురినీ తీసుకుపోయారు. ఏ తేదీన, ఏ జైలుకి అన్నది కూడా తమ్ముడు రాశాడు. "అప్పా, ఈ కాగితం రామారావు పెళ్ళానికి ఇయ్యి. ఎంబసీకి అర్జీ పెట్టమను. సాక్షిగా నా పేరు రాసుకోమను" అని ముగించాడు. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు.

ఆ ఉత్తరం నేను ఇవ్వలేదు. సాక్షి అంటే శంకరాన్ని కూడా లోపల వేస్తారని భయపడ్డాను. అది నిజమే. ఊళ్ళోనే తాల్‌బగీచాలో మేము కడుతున్న ఇంటికి స్లాబు ఇంకా పడలేదు, తమ్ముడు వచ్చేస్తే అది పడదు అనుకున్నాను. అదీ నిజమే. ఈ రెండింటిలో ఏది ఎక్కువ నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు. అదను చూసి ఇద్దామనుకుని, ఉత్తరాన్ని బీరువాలో చీరల కింద, సబ్బుల పక్కన పెట్టి తాళం వేశాను.

భర్తని పోలీసులు పట్టుకున్నారన్న పుకారు తప్ప ఇంకేమీ తెలియని రామారావు భార్య అప్పలనరసమ్మ శనివారాలు మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేది. దానియేలు గారు ఆమె తరఫున ఢిల్లీకి, ఎంబసీకి అర్జీల మీద అర్జీలు రాసేవారు. ఆ పేరు గలవాడి సంగతి తెలియదనీ, అరెస్టయిన తేదీ, స్థలం తెలపాలనీ జవాబు వచ్చేది. "మీ తమ్ముడేటైనా రాసినాడేటమ్మా?" అని ఆయన నన్ను అడిగారు. లేదండి అన్నాను. మరో నెలకి మళ్ళీ అడిగారు. లేదన్నాను. అప్పలనరసమ్మ ఎదురుగానే ఉంది. "పాపం, ఆలకీ తెల్దు కాబోలు" అని నా తరఫున ఆమే సర్దిచెప్పింది.

ఆ ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. పేపర్ల నిండా ఆ పాలకుడి బొమ్మే, రాక్షసుడనే మాటే. దానియేలు గారు అటక మీద నుంచి పాత పేపరు దింపించి రెండూ పక్కపక్కన పరిచారు. "మనిషదే, మీసమదే. రెండేళ్ళ కిందట ఈలకి కళ్ళు లేవేటి? సొంత జనాన్ని సంపితే ఇచారం, పెట్రోలు బావి మీద కాలేస్తే యుద్ధమా?" అన్నారు. ఆ రోజు అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేను. పెద్ద దేశాలని దుమ్మెత్తిపోశాను. ఇంటికెళ్ళి బీరువా తీసి చీర మార్చుకున్నాను. ఉత్తరం అక్కడే ఉంది.

యుద్ధం మొదలైన జనవరిలో ఒక మధ్యాహ్నం ఆయన ఇంకో ముక్క చదివారు. చమురున్న ఒక రాజుగారి జైళ్ళలో జనం మగ్గుతున్నారని తెలిసినా ఎందుకు అడగడంలేదని ఎవరో ఒక పెద్ద దేశాన్ని నిలదీశారు. మాకు తెలుసు, కానీ ఇప్పుడు మాట్లాడితే మాకే నష్టం, అదను చూసి మాట్లాడతాం అన్నది వాళ్ళ జవాబు సారాంశం. "సెప్పండి, తప్పా ఒప్పా?" అన్నారు దానియేలు గారు. అలవాటుగా అందరూ నా వైపు చూశారు. నేను టిఫిన్ డబ్బా మూత పెట్టి లేచిపోయాను. అదను చూసి అన్న మాట తొమ్మిది నెలలుగా బీరువా తాళం వేసిన ప్రతిసారీ నాకు నేను చెప్పుకుంటున్నదే. అట్ట జరిపాక ఏ దేశం పేరు బయటపడిందో నేను చూడలేదు.

మర్నాడు భోజనాల వేళ ఉత్తరం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కవరు మీద తపాలా ముద్ర చూశారు. లోపలి కాగితం చదివారు. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"సబ్బు వాసనొస్తంది" అన్నారు.

నేను తల దించుకున్నాను. ఉత్తరం దారిలో ఆలస్యమై నిన్నో మొన్నో వచ్చిందని చెప్పే వీలు లేకుండా ఆ వాసనే అంతా చెప్పేసింది. ఆయన తిడతారని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. కాగితం మడిచి నా చేతికిచ్చి, "పద, ఆవిడికి నువ్వే సదివి ఇనిపించు. తేదీ మింగేయకు" అన్నారు.

అప్పలనరసమ్మ వరండాలో నిలబడి చదివాను. తేదీ కూడా చదివాను. ఆమె ఆ తేదీని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, "అయితే శనివారాలు నానొచ్చినప్పుడల్లా ఇది నీ ఇంట్లోనే ఉన్నాది" అంది. తిట్టలేదు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందు దానియేలు గారు నాతో పాటు నిలబడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ పక్కనే నడిచారు. మర్నాడు పేపరు, అట్ట నా ముందుకు తోసి, "ఇవాల్టి నుంచి నువ్వు సదువు" అన్నారు. రెండూ తిరిగి ఆయన వైపే తోశాను. ఆయన వదల్లేదు. ఆయన రిటైరయ్యేదాకా మూడేళ్ళపాటు రోజూ నేనే చదివాను, ఒక్కసారి కూడా బల్ల గుద్దలేదు.

శంకరాన్ని ఎవరూ ఏమీ చేయలేదు. సాక్షి పేరు చివరిదాకా ఎవరూ అడగనే లేదు. తేదీ, జైలు పేరు రాసి పంపిన అర్జీకి మూడో నెలలో కదలిక వచ్చి, వర్షాలు వెళ్ళాక రామారావు ఇంటికి చేరాడు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు, వెల్డింగు రాడ్డు పట్టుకోలేడు. నేను చూడటానికి వెళ్తే లేచి వచ్చి, వద్దంటున్నా వినకుండా నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "రోజూ అడిగేవోణ్ని అప్పా, నాకోసం ఎవలైనా వచ్చినారేటని. నీ పేరడిగినోలే లేరు అనేవోరు ఆ జవాన్లు. నవ్వీవోరు. ఆకరికి నువ్విచ్చిన ఉత్తరం వల్ల బయటపడినాను" అన్నాడు.

వంటింటి గుమ్మంలో అప్పలనరసమ్మ టీ గ్లాసులతో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె అతనికి చెప్పలేదని అప్పుడు అర్థమైంది. "సల్లారిపోతంది, తాగండి" అంటూ గ్లాసు నా చేతికి ఇచ్చింది. ఆమెకి దానియేలు గారి అట్టముక్క సంగతి తెలియదు. అయినా నా పేరు మీద తన చెయ్యి అడ్డం పెట్టింది, అంతటి దయకి నేను ఏ రకంగానూ తగను. ఆ టీ తాగి వచ్చేశాను. నోరు విప్పి నిజం చెప్పలేదు.

దానియేలు గారు రిటైరయ్యే రోజు ఆ అట్ట నాకిచ్చారు. అంచులు నలిగి, ఒక చివర ఎర్రసిరా అంటి ఉంటుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పేపర్లో ఒక దేశం ఇంకో దేశానికి నీతులు చెబుతుంటే పేరు మీద అట్ట పెట్టి చదువుతాను. కోపం కంటే ముందు సబ్బు వాసన వస్తుంది.

రామారావుకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. అతనికి చదువు వచ్చు, ఎప్పుడైనా ఇది అతని చేతిలో పడవచ్చు. అందుకే అట్ట తీసేసి రాస్తున్నాను. జైల్లో నీకోసం ఎవరూ అడగని ఆ తొమ్మిది నెలలూ ఆ ఉత్తరం దాచింది నేనే, రామారావూ. మీ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న రాజేశ్వరిని.