దక్షిణం గోడకు తూము

మా పక్కింటి సిస్టరమ్మ పోయింది. నెల కావస్తోంది. గుండెపోటు అన్నది డాక్టర్ల మాట. మా కాలనీ మాట వేరే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ, నేను రాయకపోతే ఆ మాటే నిలిచిపోతుంది.

ఆమె తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, ఊరి బయట మా కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుంది. కొడుక్కి శ్రీ సిటీలో ఉద్యోగం. ఆమెకు ఆదివారం చర్చి, మిగతా రోజులు మేము. మేము అంటే మా పిల్లల జ్వరాలు, మా అమ్మ షుగరు. ఇన్సులిన్ సూది మా అమ్మ ఇంకెవరిచేతా వేయించుకునేది కాదు. “ఆయమ్మది దూది సెయ్యిరా” అనేది.

ఎవరింట్లో గృహప్రవేశానికి పిలిచినా వచ్చేది. వచ్చి, పాయసం ముట్టకముందే సంపు ఎక్కడుందో అడిగి, దాని మూతను కాలితో తన్ని చూసేది. మూత కదిలిందంటే ఆ ఇంటివాళ్లకు మూడినట్టే. “ముందు మూత, ఆపైన ముహూర్తం” అనేది. శుభమా అని పిలిస్తే ఇదేం మాటని మొహం మాడ్చుకున్నవాళ్లున్నారు. మా వీధిలో ఇంతవరకు ఏ బిడ్డా సంపులో పడలేదు. అందుకు ఆమెకెవరూ శాలువా కప్పలేదు.

అసలు గొడవ వాననీళ్లది. మా లేఅవుట్‌కు ఉత్తరాన కొండ, దక్షిణాన పల్లం. కొండ మీద వాన పడితే నీళ్లు ఎప్పుడూ దక్షిణానికే దిగేవి. లేఅవుట్ వేసినవాళ్లు అవి దిగే వంకను పూడ్చి, దాని మీద మా వీధి వేశారు. దక్షిణానికి నీళ్లు పారితే ఇంటికి అరిష్టమట. అందుకని ఆ వైపు గోడను ఒక్క కంత లేకుండా కట్టి, కాలవలను ఈశాన్యానికి, అంటే ఎగువకు తవ్వారు. కరపత్రంలో ‘నూటికి నూరుపాళ్లూ వాస్తు’ అని వేశారు. అది చూసే అందరం కొన్నాం. మెట్లెక్కే భక్తుల్లాగా నీళ్లు కూడా గోవిందా అంటూ కొండకు పోతాయనుకున్నామేమో.

మొదటి పెద్ద వానకే వీధి మునిగింది. సిస్టరమ్మ ఇల్లు చివరిది. ఆమె పెరటి గోడే లేఅవుట్ దక్షిణం గోడ. వాన వెలిశాక మేస్త్రీని పిలిపించి, ఆ గోడ అడుగున తూము కొట్టించి, వాకిట్లోంచి పెరటిదాకా చిన్న కాలవ తీయించింది. వీధి నీళ్లు ఆమె ఇంటి పక్కగా పారి బయటికి పోసాగాయి.

కాలనీ సంఘం అధ్యక్షుడు ఇంటికే వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

“ఏం పని సేసినావు సిస్టరమ్మా? దక్షిణమంటే యముడి దిక్కు. ఆ పక్క బొక్క పెడితే ఆయన్ను పిల్సినట్టే గదా!”

“ఆయన్ను ఆసుపత్రిలో దినామూ సూసినాను లేప్పా. ఆయన యా దిక్కునుంచైనా వస్తాడు. నీళ్లు మాత్రం పల్లానికే పోతాయి.”

“మీకు పట్టింపు లేకపోవచ్చు. మాకు ఉండాది.”

ఆ ‘మీకు’ అనే మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె మాత్రం “కూర్సో నాయనా, కాఫీ తాగి పో” అంది. ఆయన తాగలేదు.

ఆయన వెళ్లాక నాతో అంది, “నా తూమొక్కటీ సాలదప్పా. వీధి చివర గోడ పగలగొట్టి పెద్దది పెట్టాల. గట్టి వానొస్తే ఆంబులెన్సు గూడా రాదు ఈడికి. యా ఇంటికి ఎప్పుడు అవసరమొస్తాదో.” ప్రతి మీటింగులోనూ లేచి అదే అడిగేది. సంఘం ప్రతిసారీ ముఖద్వారం ఆర్చికి ఏ రంగు వేయాలో తీర్మానించి, టీ తాగి లేచేది.

అవసరం ఆమెకే వచ్చింది. ముందురోజు నుంచీ ఎడతెగని వాన. పొద్దున్నే ఫోన్ చేసి, “ఎడం సెయ్యి లాగతా ఉండాదప్పా, బండిని పిలిపించు” అంది, ఇంకెవరి రోగమో చెప్తున్నంత మామూలుగా. వీధిలో తొడలోతు నీళ్లు. ఆంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. “ఇంజన్లోకి నీళ్లు పోతాయి సార్, రాలేను” అన్నాడు డ్రైవరు. అతని తప్పేమీ లేదు. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. నీళ్లలో రోడ్డేదో కాలవేదో కాళ్లకు తెలియడం లేదు. అంత నొప్పిలోనూ, “మెల్లిగా రాండప్పా, కాలవ ఎడంపక్క ఉండాది” అని ఆమే మాకు దారి చెప్పింది. వీధి మొదటికి చేరేసరికి చెప్పడం ఆపేసింది.

సమాధుల తోటలో మట్టి కప్పడం పూర్తికాకముందే అధ్యక్షుడు పక్కవాడితో అన్నాడు, “నేను ఆ పొద్దే సెప్పినా. ఇనిందా?” చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. యముడు తూములోంచి దూరి వచ్చాడట! గోడ కట్టి నీళ్లను ఆపింది మనుషులు, ఆ నీళ్లు ఆపింది ఆంబులెన్సును. ఇందులో యముడికి మిగిలిన పనెంత? నాకు కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలన్న కోరిక కూడా లేదు.

కొడుకు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. “దక్షిణం తూమని తెలిస్తే గేటుకాడి నుంచే ఎనక్కి పోతా ఉండారన్నా. నేనేం సేసేది?” అన్నాడు తలొంచుకుని. నిన్న మేస్త్రీ వచ్చాడు, ఆ తూము కొట్టిన మేస్త్రీయే. నాలుగు ఇటుకలు పేర్చి, సిమెంటు మెత్తి, తాపీతో నున్నగా చేసి వెళ్లాడు.

ఇవాళ సాయంత్రం కొండ మీద వాన పడింది. నేను మా పిట్టగోడ మీంచి చూస్తూ నిలబడ్డాను. నీళ్లు అలవాటుగా ఆమె వాకిట్లోకి వచ్చాయి. కాలవ వెంట పెరట్లోకి పోయి, గోడ దగ్గర ఆగి, అక్కడక్కడే కాసేపు తిరిగాయి. తర్వాత వెనక్కి మళ్లి, తాళం వేసిన ఆమె గడపను మెల్లగా ఎక్కసాగాయి.