లూథర్ ముక్కు

అమెరికాలో, అయోవాలోని ఆ చిన్న కాలేజీలో, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు సీజన్ ముగిసేదాకా జుట్టు కత్తిరించుకోరు. హెల్మెట్లు ఇంకా రాని రోజులు, తలలు ఢీకొన్నప్పుడు అదే రక్ష. జట్టులో అందరికన్నా పొడుగు జుట్టు లూథర్ క్రౌస్‌ది, ఒక్కసారీ ఆడనివాడూ అతనే. నాలుగేళ్లుగా గీత బయట బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు. ఎవరికి దెబ్బ తగిలినా తనే "అబ్బా" అంటాడు. ఆట అయ్యాక మట్టి అంటని చొక్కాని అందరితోపాటు ఉతికి ఆరేస్తాడు. ఏటా జట్టు ఫోటోలో గాయాల మొహాల పక్కన నున్నటి మొహంతో చివర నిలబడతాడు. "జడేసి రిబ్బను కట్టమంటావా?" అని మంగలి ఏడిపిస్తే, "థాంక్స్‌గివింగ్ పండగ ఆట రానీ బాబాయ్, చూద్దువుగాని" అంటాడు.

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ ఆటే అతనికి ఆఖరిది. మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. ఆఖరి నిమిషం, అవతలివాళ్లు బంతితో ఇంకొక్క గజం వచ్చి గీత దాటితే గెలుపు వాళ్లదే. అప్పుడు కెప్టెన్ కాలు మడతపడి కూలిపోయాడు. "లూథర్, దిగరా!" అని కోచ్ అరిచేలోపే దుప్పటి గాల్లోకి లేచింది. బంతి పట్టుకున్నవాడి వెనక జట్టంతా ఎద్దుల మందలా మీదికొస్తుంటే లూథర్ తల వంచి ఎదురు దూకాడు. గుంపు విడేసరికి బంతివాణ్ని వాటేసుకుని అందరికన్నా అడుగున ఉన్నాడు. బంతి గీత దాటలేదు! టోపీలు ఎగిరాయి, మైదానం హోరెత్తింది. డాక్టరు పరుగున వచ్చి, "ముక్కు విరిగిందయ్యా! పద, సరిచేస్తాను" అన్నాడు.

"వంకరపోయిందా? బాగా కనిపిస్తోందా?" రక్తం తుడుచుకుంటూ అడిగాడు లూథర్.

"గుడ్డివాడికైనా కనిపిస్తుంది."

లూథర్ మొహం వెలిగిపోయింది. "అయితే ఆగండి డాక్టరుగారూ, రేపు పొద్దున జట్టు ఫోటో ఉంది. అదయ్యాక సరిచేద్దురుగాని."